ఈ వాయువు ఎవరిది?

1999 జులై 20, అర్ధరాత్రి దాటింది. ఫ్లోరిడాలోని కెన్నెడీ అంతరిక్ష కేంద్రంలో కొలంబియా షటిల్ ఎగరడానికి సిద్ధంగా ఉంది. లోపల అయిదుగురు వ్యోమగాములు. కమాండర్ ఐలీన్ కాలిన్స్, షటిల్‌కు నాయకత్వం వహిస్తున్న తొలి మహిళ. సరుకు భాగంలో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్ర ఎక్స్-రే టెలిస్కోపు. కౌంట్‌డౌన్ ఏడో సెకను దగ్గరికి వచ్చింది. ఇంకో అర సెకను గడిస్తే మూడు ప్రధాన ఇంజన్లు అంటుకోవాలి. సరిగ్గా అప్పుడు కంట్రోల్ రూంలో ఒక తెర మీద హైడ్రోజన్ అంకె 640కి ఎగబాకింది. అంటే షటిల్ తోక భాగంలోని ఇంజన్ గదిలో ప్రతి పది లక్షల అణువులకు 640 హైడ్రోజన్ అణువులున్నాయని. హద్దుగా పెట్టుకున్న దానికి ఇది రెట్టింపు పైమాటే. ఆ తెర ముందు కూర్చున్న ఇంజనీరు తటపటాయించలేదు, ఆపేయమన్నాడు. ప్రయోగం ఆగింది.

తీరా పరిశీలిస్తే లీకు లేదు. అంకే తప్పు.

మూడు రోజుల తర్వాత, జులై 23న కొలంబియా లేచింది. ఈసారి హైడ్రోజన్ నిజంగానే కారింది. ఒక ఇంజన్ లోపల బిగించిన చిన్న పిన్ను ఊడి, నాజిల్ గోడకు తగిలి, ఆ గోడను చల్లబరిచే 1,080 సన్నని గొట్టాల్లో మూడింటిని చీల్చింది. చీలికలోంచి హైడ్రోజన్ బయటి జ్వాలలోకి పోతూనే ఉంది. ఇంజన్లు ఉండాల్సిన దానికంటే రెప్పపాటు ముందే ఆగిపోయాయి, వేగం సెకనుకు సుమారు 5 మీటర్లు తగ్గింది. అదృష్టం కొద్దీ కక్ష్యకు చేరారు. ఆ లీకును హైడ్రోజన్ కాపలా యంత్రం పట్టలేదు, పట్టే వీలూ లేదు. దాని గొట్టం ఇంజన్ గదిలో ఉంది. లీకు నాజిల్ అంచున, బయట ఉంది.

ఆ కాపలా యంత్రం పేరు మాస్ స్పెక్ట్రోమీటర్. అణువుల్ని బరువును బట్టి వేరుచేసి లెక్కబెట్టడం దాని పని. తన దగ్గరికి వచ్చిన దాన్ని అది అద్భుతంగా తూస్తుంది. కానీ ఏది వచ్చింది, ఎక్కడి నుంచి వచ్చింది, వచ్చేదారిలో ఏమైనా మారిందా అన్నది దానికి తెలియదు. రాకెట్లతో ఈ యంత్రం గడిపిన కాలమంతా నాకు ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగిన కథగానే కనిపిస్తుంది: ఈ వాయువు ఎవరిది?

యంత్రం పుట్టింది రాకెట్ల కోసం కాదు. 1912లో కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో జె.జె. థామ్సన్ నియాన్ వాయువును అయాన్లుగా మార్చి, విద్యుత్, అయస్కాంత క్షేత్రాల మధ్యగా పంపాడు. ఫొటో ప్లేటు మీద ఒక గీత పడాల్సిన చోట రెండు పడ్డాయి: ఒకటి 20 బరువుకు, ఇంకోటి మసగ్గా 22 బరువుకు. ఆయన దగ్గర పనిచేసిన ఫ్రాన్సిస్ ఆస్టన్ యుద్ధం ముగిశాక, 1919లో, ఇంకా నాణ్యమైన యంత్రం కట్టి, మూలకాలకు ఐసోటోపులు, అంటే వేర్వేరు బరువుల రూపాలు, ఉండటం సర్వసాధారణమని నిరూపించాడు. 1922లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ యంత్రం ప్రయోగశాల గడప దాటింది. అణుబాంబు కోసం ఓక్ రిడ్జ్‌లో యురేనియం వాయువును వడకట్టే కర్మాగారం కడుతున్నారు. మైళ్ల కొద్దీ పైపులు, లెక్కలేనన్ని అతుకులు, ఎక్కడా సూది మొనంత సందు ఉండకూడదు. మిన్నెసోటాకు చెందిన ఆల్ఫ్రెడ్ నియర్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. పైపు లోపల శూన్యం చేసి, బయట అతుకుల మీద హీలియం చల్లుకుంటూ పోవాలి. లోపలున్న మాస్ స్పెక్ట్రోమీటర్‌లో 4 బరువు దగ్గర సూది కదిలిందంటే అక్కడ కన్నం ఉన్నట్టే. గాలిలో హీలియం దాదాపు లేదు కాబట్టి ఈ వాయువు ఎవరిదన్న సందేహానికి తావే లేదు. ఇవాళ్టికీ రాకెట్ ట్యాంకులు, వాల్వులు, ఉపగ్రహాలు ఈ పరీక్ష నెగ్గాల్సిందే.

తర్వాతి మలుపు జర్మనీలో. బాన్ విశ్వవిద్యాలయంలో వుల్ఫ్‌గాంగ్ పాల్, హెల్ముట్ స్టైన్‌వెడెల్ 1953లో బరువైన అయస్కాంతాన్నే తీసేశారు. నాలుగు లోహపు కడ్డీలను సమాంతరంగా నిలబెట్టి, వాటికి స్థిరమైన వోల్టేజీతో పాటు సెకనుకు లక్షలసార్లు దిశ మార్చుకునే వోల్టేజీని కలిపి ఇచ్చారు. కడ్డీల నడుమ దూరిన అయాన్లు అటూ ఇటూ ఊగుతాయి. ఆ వోల్టేజీకి సరిపడే బరువున్నవి మాత్రం ఊగుతూనే ఆ చివరికి చేరతాయి. తక్కినవి ఊపు పెరిగిపోయి కడ్డీలకు కొట్టుకుంటాయి. వోల్టేజీని మార్చుకుంటూ పోతే 1 నుంచి 100 దాకా ఒక్కో బరువునూ వరసగా లెక్కబెట్టవచ్చు. చేతిలో ఇమిడే పరికరం, నాలుగు కిలోలూ తూగదు. దీన్నే క్వాడ్రుపోల్ అంటారు. రాకెట్ మీద సులువుగా ఎక్కించదగ్గ మాస్ స్పెక్ట్రోమీటర్ ఇది. ఇదే ఆలోచనను పొడిగించి అయాన్లను బంధించే బోను చేసినందుకు పాల్‌కు 1989లో నోబెల్ వచ్చింది.

ఇక రాకెట్ వాయువు సంగతి. ఇంజన్ నుంచి ఏం వస్తుందో కాగితం మీద లెక్క కట్టవచ్చు. షటిల్ ప్రధాన ఇంజన్ ఒక కిలో హైడ్రోజన్‌కు ఆరు కిలోల ఆక్సిజన్ చొప్పున కాల్చేది. పూర్తిగా కాలాలంటే ఎనిమిది కిలోలు కావాలి. కావాలనే హైడ్రోజన్ ఎక్కువ పోస్తారు. ఎందుకంటే తేలికైన అణువులు ఎక్కువ వేగంతో దూసుకుపోతాయి, వేడి కూడా కాస్త అదుపులో ఉంటుంది. ఆ లెక్కన బయటికి వచ్చే ప్రతి నాలుగు అణువుల్లో మూడు నీటి ఆవిరి, ఒకటి కాలకుండా మిగిలిన హైడ్రోజన్. కానీ అసలు ఇంజన్ ఆదర్శ లెక్కకు కట్టుబడదు. 3,000 డిగ్రీలు దాటిన వేడిలో నీటి అణువులే విరిగి తునకలవుతాయి. నాజిల్‌లో వాయువు చల్లబడుతూ పరుగెత్తేటప్పుడు ఆ తునకలు మళ్లీ కలుసుకోవాలి, కలుసుకునే వ్యవధి లేకపోతే విడిగానే వెళ్లిపోతాయి. అలా విడిగా పోయిన ప్రతి తునకతో పాటు, కలుసుకుంటే విడుదల కావాల్సిన శక్తి కూడా వృథాగా పోతుంది. ఎన్ని కలిశాయో, ఎన్ని కలవలేదో తెలియాలంటే కొలవాల్సిందే.

కొలవడంలో చిక్కంతా నమూనా తీయడంలోనే ఉంది. జ్వాలలోకి ఒక గొట్టం దూర్చి వాయువును పీల్చామనుకోండి. గొట్టం పొడవునా అణువులు ఒకదానికొకటి తగులుతూ, గోడలకు తగులుతూ, చర్యలు కొనసాగిస్తూనే ఉంటాయి. చివరన యంత్రానికి అందేది జ్వాలలో ఉన్న వాయువు కాదు, గొట్టం వండిన వాయువు. మామూలు మాస్ స్పెక్ట్రోమీటర్‌కు లోపల గాఢమైన శూన్యం కావాలి. బయట ఉన్నదేమో వాతావరణ పీడనంలో మండే కొలిమి. ఈ రెంటికీ మధ్య వంతెన ఎలా వేయాలి?

1951లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ కాంట్రోవిట్జ్, జెర్రీ గ్రే ఒక దారి సూచించారు. వాళ్లకు కావాల్సింది దట్టమైన అణు కిరణం. దొరికిన దారి జ్వాలల్ని తూచేవాళ్లకూ పనికొచ్చింది. వాయువును సన్నని రంధ్రం గుండా నేరుగా శూన్యంలోకి వదలాలి. అది ధ్వనిని మించిన వేగంతో విచ్చుకుంటుంది. రంధ్రం వెడల్పుకు నాలుగైదు రెట్ల దూరం వెళ్లేలోపే వేడి అమాంతం పడిపోతుంది, అణువులు పలచబడి ఒకదానికొకటి తగలడం మానేస్తాయి. తగలకపోతే చర్య లేదు. కొలిమిలో ఉన్న కూర్పు మైక్రోసెకన్లలో ఎక్కడిదక్కడ గడ్డకడుతుంది. ఆ ధార మధ్యలో మొన కోసుగా ఉన్న, నడుమ చిల్లున్న శంకువును నిలబెడతారు. దాని పేరు స్కిమ్మర్. ధార నడిమి భాగం ఆ చిల్లులోంచి తర్వాతి గదిలోకి వెళుతుంది, అంచు వాయువు బయటే ఉండిపోయి పంపుల పాలవుతుంది. ఒక గది తర్వాత ఇంకో గది, ప్రతి గదికీ వేరే పంపు. చివరి గదిలోకి చేరేసరికి మిగిలేది ఏ గోడనూ తాకని అణు కిరణం. దాన్ని ఎలక్ట్రాన్లతో కొట్టి, అయాన్లు చేసి, క్వాడ్రుపోల్‌లోకి పంపుతారు.

1960ల్లో కాన్సాస్ సిటీలోని మిడ్‌వెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో థామస్ మిల్నే, ఫ్రాంక్ గ్రీన్ ఈ పద్ధతిని జ్వాలల మీద సానబట్టారు. దాని లోపాలను కూడా వాళ్లే ముందుగా బయటపెట్టడం నాకెంతో నచ్చే విషయం. విపరీతంగా చల్లబడటం వల్ల ఆర్గాన్ అణువులు జంటలుగా అతుక్కుపోతున్నాయని 1963లో చూపించారు. అసలు వాయువులో ఆ జంటలు లేవు, నమూనా తీసే పద్ధతే వాటిని పుట్టించింది. ఇంకో లోపం, ధార విచ్చుకునేటప్పుడు బరువైన అణువులు నడుమనే నిలుస్తాయి, తేలికవి పక్కకు జరుగుతాయి. తూర్పారబట్టేటప్పుడు గింజ దగ్గరగా పడి, పొట్టు దూరంగా ఎగిరిపోయినట్టు. కాబట్టి స్కిమ్మర్‌లోకి వచ్చిన హైడ్రోజన్ వాటా ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఆ తేడాను తెలిసిన మిశ్రమాలతో ముందే కొలిచి సరిచేసుకోవాలి.

ఈ యంత్రంలో అన్నిటికంటే తెలివైన భాగం నా దృష్టిలో చాపర్. గాట్లున్న చిన్న చక్రం, కిరణానికి అడ్డంగా తిరుగుతుంది. గాటు ఎదురుగా వచ్చినప్పుడు కిరణం వెళుతుంది, లేనప్పుడు ఆగుతుంది. అయితే చివరి గదిలో ఎంత పంపు చేసినా కొంత పాత వాయువు మిగిలే ఉంటుంది, దానిలోనూ నీరు, నైట్రోజన్ ఉంటాయి. యంత్రం రెంటినీ కలిపే లెక్కిస్తుంది. చక్రం తిరుగుడుకు తగ్గట్టు పెరుగుతూ తరుగుతూ వచ్చే సంకేతం కిరణానిది. చక్రంతో నిమిత్తం లేకుండా స్థిరంగా ఉండేది గదిది. పెరిగినప్పటి లెక్కలోంచి తగ్గినప్పటి లెక్క తీసేస్తే జ్వాల వాయువు ఒక్కటే మిగులుతుంది. ఇదే చక్రంతో వేగం కూడా దొరుకుతుంది. సెకనుకు 4 కిలోమీటర్ల వేగంతో పోయే నీటి అణువుకు చక్రం నుంచి ఒక మీటరు దూరంలోని డిటెక్టర్ చేరడానికి సెకనులో నాలుగువేల వంతు పడుతుంది. ఆ ఆలస్యాన్ని కొలిస్తే వేగం, అణువులు ఎంత చెదిరి వస్తున్నాయో చూస్తే ఉష్ణోగ్రత తెలుస్తాయి. అంటే తూచే యంత్రమే గడియారమూ అవుతుంది.

ఇంత చేశాక కూడా ఒక మొండి సమస్య మిగిలింది. దాని అంకె 28.

ఉపగ్రహాలను తిప్పే చిన్న థ్రస్టర్లలో మోనోమిథైల్ హైడ్రజీన్‌ను నైట్రోజన్ టెట్రాక్సైడ్‌తో కాలుస్తారు. దాని పొగలో నైట్రోజన్ ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రెంటి బరువూ 28. సూక్ష్మంగా చూస్తే నైట్రోజన్ 28.006, కార్బన్ మోనాక్సైడ్ 27.995. తేడా ఒక బరువు ప్రమాణంలో దాదాపు నూరో వంతు. మామూలు క్వాడ్రుపోల్‌కు ఇవి రెండూ ఒకే గీత. అప్పుడు పక్కదారి పట్టాలి. ఎలక్ట్రాన్ దెబ్బకు కొన్ని అణువులు విరుగుతాయి కదా, నైట్రోజన్ విరిగితే 14 దగ్గర తునక కనిపిస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ విరిగితే 12 దగ్గర. తునకల నిష్పత్తిని బట్టి అసలు వాటాలు రాబట్టాలి.

ఒక తోకచుక్క దగ్గరికి యూరప్ పంపిన రోసెట్టా నౌకలో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయం కట్టిన మాస్ స్పెక్ట్రోమీటర్ అయస్కాంతాలతో ఆ నూరో వంతు తేడాను నేరుగా విడదీయగలిగింది. ఆ తోకచుక్క దగ్గర 2014 అక్టోబరులో తీసిన లెక్కల్లో నైట్రోజన్ అణువును విడిగా పట్టి, మరుసటి ఏడు ప్రకటించారు. అది కార్బన్ మోనాక్సైడ్‌లో నూటికి ఒక వంతు కూడా లేదు. ఆ కాస్తా తోకచుక్కదే అని ధీమాగా అనగలిగారంటే, దారిలో గడిచిన పదేళ్లూ ఆ పరికరం సొంత నౌక విడిచే వాయువులను, థ్రస్టర్ల పొగను కొలిచి పెట్టుకుంది కాబట్టే. అన్నేళ్ల తర్వాత కూడా నౌక ఒంటి నుంచి నీటి ఆవిరి వస్తూనే ఉందని అప్పుడే తేలింది.

థ్రస్టర్ పొగ వెనక్కు కూడా పోతుంది. శూన్యంలో ధారను అదిమిపట్టే గాలి ఉండదు కాబట్టి అంచుల్లోని పలచటి వాయువు నాజిల్ పెదవి చుట్టూ తిరిగి నౌక వైపే వస్తుంది. దానిలో తేలిక అణువులదే పెద్ద వాటా. అది అద్దాల మీద, సౌర ఫలకాల మీద పేరుకుంటుంది. దీన్ని భూమి మీద కొలవడం కష్టం, థ్రస్టర్ మండిన మరుక్షణమే గదిలో శూన్యం చెడిపోతుంది. జర్మనీలోని గోటింగెన్‌లో దీని కోసమే ఒక గది కట్టారు. చుట్టూ గోడల్ని ద్రవ హీలియంతో సున్నా కెల్విన్‌కు ఐదు డిగ్రీల లోపు దూరంలో ఉంచుతారు. తాకిన అణువు, చివరికి హైడ్రోజన్ కూడా, అక్కడే గడ్డకట్టి అతుక్కుపోతుంది. గోడకు తగిలి తిరిగి వచ్చే వాయువే ఉండదు.

కథ చంద్రుడి దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న తలకిందులైంది. 1972 డిసెంబరులో అపోలో-17 వ్యోమగాములు టారస్-లిట్రో లోయలో ఒక మాస్ స్పెక్ట్రోమీటర్‌ను పెట్టి వచ్చారు. చంద్రుడి పలచటి వాతావరణాన్ని తూచాలని. మొత్తం వాతావరణం పదుల టన్నుల్లోనే ఉంటుందని అంచనా. అక్కడ దిగిన నౌక ఒక్కటే దిగడానికి ఎనిమిది టన్నుల పైన ఇంధనం కాల్చింది! పగలు ఎండ తగిలితే చాలు, నౌక నుంచి, వదిలిపెట్టిన సామాన్ల నుంచి వాయువులు లేచి పరికరాన్ని ముంచేసేవి. పద్నాలుగు రోజుల చలిరాత్రి వచ్చాకే, చెత్తంతా గడ్డకట్టాకే, చంద్రుడి సొంత హీలియం, ఆర్గాన్ కనిపించాయి. ఆర్గాన్ రాత్రి తగ్గి, తెల్లవారుజామున మళ్లీ పెరిగేది. రాళ్లలోని పొటాషియం క్షయమై పుట్టే ఆర్గాన్ చలికి నేలకు అంటుకుని, వెలుతురు సమీపించగానే లేస్తుందన్నమాట. 1973 అక్టోబరు దాకా ఆ పరికరం పనిచేసింది.

శ్రీహరికోట నుంచి 2008 అక్టోబరు 22న ఎగిరిన చంద్రయాన్-1 కూడా ఈ ప్రశ్నను మోసుకెళ్లింది. నవంబరు 14 రాత్రి దాని నుంచి విడిపోయిన మూన్ ఇంపాక్ట్ ప్రోబ్ వైపులా మువ్వన్నెల జెండా ఉందని అందరికీ గుర్తు. దాని లోపల తిరువనంతపురంలోని స్పేస్ ఫిజిక్స్ ల్యాబొరేటరీ వారి ‘చేస్’ అనే క్వాడ్రుపోల్ ఉందని చాలామందికి తెలియదు. 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి దక్షిణ ధ్రువం వైపు పడిపోతూ దాదాపు 25 నిమిషాల పాటు, నేలను ఢీకొట్టేదాకా, అది ఒక్కో బరువూ లెక్కపెడుతూ పోయింది. ఎండ ఉన్న వైపు ఆకాశంలో 18 దగ్గర, అంటే నీటి ఆవిరి దగ్గర, బలమైన గీత కనిపించింది. ఆ గీతలో చంద్రుడి వాటా ఎంత, భూమి నుంచి వెంట వచ్చిన తేమ వాటా ఎంత అన్నదాని మీద శాస్త్రజ్ఞుల మధ్య వాదన నడిచింది. నాకు మాత్రం ఆ వాదన చేస్ గౌరవాన్ని తగ్గించినట్టు అనిపించదు. ఎండలో ఉన్న చంద్రుడి ఆకాశంలో మునిగి కొలవడమే అపూర్వం. అపోలో-17 పరికరం సరిగ్గా ఆ పగటివేళే చేతులెత్తేసింది.

2013 డిసెంబరు 14న ఇంకో అవకాశం వచ్చింది. చైనా నౌక చాంగ్-ఇ 3 చంద్రుడి మీద దిగింది. అప్పటికే అమెరికా నౌక లాడీ చంద్రుడి చుట్టూ తిరుగుతూ ఉంది, దానిలో ఒక క్వాడ్రుపోల్ ఉంది. రాకెట్ పొగ చంద్రుడి చుట్టూ ఎలా పాకుతుందో చూడవచ్చని ఎదురుచూశారు. ఆ పొగ జాడేదీ దొరకలేదు. పొగ నేలకు అంటుకుపోయిందో, పలచబడి చెదిరిపోయిందో గానీ, కనిపించకపోవడం కూడా మంచి కొలతే.

అంగారకుడి విషయంలో ఏకంగా ఇంజన్నే పరికరానికి తగ్గట్టు మార్చారు. 1976లో దిగిన వైకింగ్ నౌకల్లో మట్టిని వేడిచేసి, వచ్చే వాయువుల్లో సేంద్రియ పదార్థాల కోసం వెతికే మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంది. దిగే ఇంజన్ పొగ ఆ మట్టిని పాడుచేయకూడదు. అందుకని హైడ్రజీన్‌ను ప్రత్యేకంగా శుద్ధి చేశారు, ప్రతి ఇంజన్‌కూ ఒక పెద్ద నాజిల్ బదులు 18 చిన్న నాజిళ్లు పెట్టి పొగను నలుదిక్కులా చెదరగొట్టారు. ఇంత జాగ్రత్తపడ్డాక క్లోరిన్ ఉన్న రెండు సేంద్రియ వాయువులు కొద్దిగా కనబడితే, భూమి మీద వాడిన శుభ్రపరిచే ద్రావకాలవేలే అనుకున్నారు. 2008లో ఫీనిక్స్ నౌక అంగారకుడి మట్టిలో పెర్‌క్లోరేట్ ఉందని కనిపెట్టింది. సేంద్రియ పదార్థమున్న మట్టిలో పెర్‌క్లోరేట్ కలిసి వేడెక్కితే అలాంటి వాయువులే వస్తాయి. ముప్పై ఏళ్లు మనవి అనుకున్నవి బహుశా అంగారకుడివే కావచ్చు.

ఇప్పుడు ఈ ప్రశ్న భూమికే తిరిగి వచ్చింది. అమెరికాలో ‘పామ్స్’ అనే మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంది. విమానం ముక్కున కూర్చుని, లోపలికి దూసుకొచ్చే ఒక్కో ధూళి కణాన్నీ లేజర్‌తో పేల్చి, ఆ ఆవిరిని అప్పటికప్పుడే తూస్తుంది. రెండు దశాబ్దాలకు పైగా కిందట ఎథీనా రాకెట్, షటిల్ వదిలిన పొగలోంచి ఎగిరి వాటి కణాలను ఒక్కొక్కటిగా పరిశీలించింది. 2023లో అలాస్కా మీద 19 కిలోమీటర్ల ఎత్తు దాకా ఎగిరినప్పుడు దాని ముందు ఏ రాకెట్ పొగా లేదు, ప్రశాంతమైన స్ట్రాటోస్ఫియర్ ఉంది. అయినా అక్కడి గంధకామ్ల కణాల్లో పెద్దవాటిలో సుమారు 10 శాతంలో అల్యూమినియం, ఇంకా ఇతర లోహాలు దొరికాయి. ఉల్కల నుంచి కూడా అల్యూమినియం వస్తుంది కదా అని అడగవచ్చు. ఉల్కల్లో ఉండే నిష్పత్తి కంటే చాలా ఎక్కువ ఉంది. పైగా నియోబియం, హాఫ్నియం దొరికాయి. ఈ రెండూ కలిసిన మిశ్రమలోహాన్ని రాకెట్ నాజిళ్లకు వాడతారు. పనైపోయిన రాకెట్ దశలు, ఉపగ్రహాలు తిరిగి వస్తూ కాలిపోయినప్పుడు వాటి లోహం ఆవిరై ఇలా కిందికి దిగుతోంది. అనుకున్నన్ని ఉపగ్రహాలు ఎగిరితే కొన్ని దశాబ్దాల్లో ఆ కణాల్లో సగం దాకా ఈ లోహాలు ఉండవచ్చని ఆ శాస్త్రజ్ఞుల అంచనా. ఓజోన్ పొర ఉన్న ఎత్తు కూడా అదే. ఆ కణాల మీద ఏ చర్యలు జరుగుతాయో తేల్చడానికి పరిశోధన నడుస్తోంది.